గొంతు ఎర్రబడితే సిద్ధమైనట్టేనా? మగ బల్లుల్లో కాలానుగుణ పునరుత్పత్తి చక్రం

క్లుప్తంగా

మగ బల్లి ఏడాది పొడవునా ఒకే తీరుగా ఉండదు. వృషణాలు కొన్ని నెలలు ఉబ్బి పనిచేస్తాయి, మరికొన్ని నెలలు ముడుచుకుని ఉంటాయి. అయితే శుక్రకణాల తయారీ, హార్మోన్ల ఉధృతి, తయారైన కణాల నిల్వ అనేవి మూడు వేర్వేరు పనులు. చాలా జాతుల్లో ఇవి కలిసి నడుస్తాయి, కొన్నిటిలో నెలల ఎడంతో జరుగుతాయి. అందుకే రంగును బట్టి వృషణాల స్థితిని గానీ, వృషణాల పరిమాణాన్ని బట్టి జతకట్టే కాలాన్ని గానీ ఊహిస్తే పొరపాటు పడే అవకాశం ఉంది. చక్రాన్ని మొదలుపెట్టేది ఎక్కువగా వేడి, వెలుగు, వాన. దాన్ని ముగించడంలో మాత్రం జంతువు లోపలి గడియారానికీ పెద్ద పాత్ర ఉంది.

ఎక్కడ గందరగోళం వస్తోంది

మగ తొండ తల, గొంతు ఎర్రబడి, గొంతుకు ఇరుపక్కలా నల్ల మచ్చలు తేలి, ముంగాళ్ల మీద లేచి తల ఆడిస్తుంటే అది జతకట్టే కాలంలో ఉందని చూసినవాళ్లు చెప్పేస్తారు. తొండ విషయంలో చాలామటుకు అది నిజమే. అదే సూత్రాన్ని బల్లులన్నిటికీ వర్తింపజేస్తేనే చిక్కు. కొన్ని జాతుల మగవి వృషణాలు ముడుచుకున్నాక కూడా ఫలదీకరణకు పనికొచ్చే శుక్రకణాలను మోస్తూ తిరుగుతాయి. కొన్ని జాతుల మగవి టెస్టోస్టెరాన్ తక్కువగా ఉన్న నెలల్లోనూ తమ హద్దు కోసం గట్టిగానే పోట్లాడతాయి. ఇంకొన్నిటిలో మగదాని వృషణాలు పెద్దవయ్యే కాలానికీ, ఆడదాని అండాలు విడుదలయ్యే కాలానికీ మధ్య నెలల దూరం ఉంటుంది.

ఈ వ్యాసంలో బల్లులంటే ఇంటి గోడ మీది బల్లి ఒక్కటే కాదు. తొండలు, నలికీచులు, ఊసరవెల్లులు, ఉడుములు కూడా ఈ వర్గంలోవే.

శరీరంలో ఏయే భాగాలు మారతాయి

మగ బల్లికి రెండు వృషణాలు పొట్ట లోపలే, వెన్నెముకకు ఇరువైపులా ఉంటాయి. సాధారణంగా కుడిది కాస్త ముందుకు, ఎడమది కాస్త వెనక్కు ఉంటుంది. ఒక్కో వృషణం నిండా మెలికలు తిరిగిన శుక్రోత్పాదక నాళికలు ఉంటాయి. నాళికల లోపలి గోడలో శుక్రకణాలుగా మారే జనక కణాలు, వాటిని పోషించే సెర్టోలి కణాలు ఉంటాయి. నాళికల నడుమ సందుల్లో ఉండే లీడిగ్ కణాలు టెస్టోస్టెరాన్ తయారుచేస్తాయి. కణాలు తయారయ్యేది నాళికల్లో, హార్మోన్ పుట్టేది వాటి బయట. ఈ రెండు పనులు విడివిడిగా ఎందుకు నడవగలవో దీన్ని బట్టే కొంత అర్థమవుతుంది.

తయారైన శుక్రకణాలు వృషణం పక్కనే మెలికలు తిరిగి ఉండే ఎపిడిడైమిస్ అనే గొట్టంలోకి చేరి అక్కడ పక్వమవుతాయి, నిల్వ ఉంటాయి. ఎపిడిడైమిస్ గోడలు కూడా కాలాన్ని బట్టి మారతాయి: జతకట్టే రోజుల్లో వాటి కణాలు పొడవుగా పెరిగి ప్రొటీన్లు స్రవిస్తాయి, ఆ కాలం దాటాక పొట్టిగా కుంచించుకుపోతాయి. అక్కడి నుంచి శుక్రవాహిక అవస్కరంలోకి, అంటే మలం, మూత్రం, వీర్యం అన్నీ బయటికొచ్చే ఒకే ద్వారంలోకి తెరుచుకుంటుంది. తోక మొదట్లో ఇరుపక్కలా దాగి ఉండే రెండు హెమిపెనిస్‌లలో (మగ జననాంగాల్లో) ఒకసారికి ఒకటే వాడుకలోకి వస్తుంది.

తరచు విస్మరించే భాగం మూత్రపిండం. బల్లుల్లోనూ పాముల్లోనూ మగవాటి మూత్రపిండ నాళికల చివరి భాగం జతకట్టే కాలంలో లావెక్కి, రేణువులతో నిండిన స్రావాన్ని తయారుచేస్తుంది. ఆ స్రావం వీర్యంలో కలుస్తుంది. దీన్ని మూత్రపిండ లైంగిక ఖండం అంటారు. వృషణాలు తీసేస్తే ఇది కుంచించుకుపోతుంది, టెస్టోస్టెరాన్ ఇస్తే మళ్లీ పెరుగుతుంది. రక్తం తీసే వీలులేని పాత మ్యూజియం నమూనాల్లో ఆ జంతువుకు హార్మోన్ స్థాయి ఎలా ఉండేదో అంచనా వేయడానికి దీనికన్నా నమ్మకమైన గుర్తు దాదాపు లేదు. అయినా చాలా అధ్యయనాల్లో వృషణాన్ని కోసి చూసి, మూత్రపిండాన్ని పక్కన పెట్టేస్తారు.

వీటికి తోడు కొన్ని జాతుల్లో తొడల అడుగున వరుసగా ఉండే రంధ్రాల గ్రంథులు మైనం లాంటి పదార్థాన్ని ఎక్కువగా వదులుతాయి. పొట్ట అడుగుభాగంలోని కొవ్వు దేహాలు చాలా జాతుల్లో వృషణాలకు ఎదురుగా నడుస్తాయి. వృషణాలు పెరుగుతుంటే అవి కరుగుతాయి, వృషణాలు ముడుచుకున్నాక మళ్లీ నిండుతాయి.

నాళికలో మెట్టు తరవాత మెట్టు

విశ్రాంతి దశలో నాళిక సన్నగా ఉంటుంది. అందులో స్పెర్మటోగోనియా అనే తొలి జనక కణాలు, సెర్టోలి కణాలు తప్ప మరేమీ కనిపించవు. చక్రం మొదలవగానే స్పెర్మటోగోనియా వేగంగా విభజన చెంది ప్రాథమిక స్పెర్మటోసైట్లు వస్తాయి. వాటి క్షయకరణ విభజన (క్రోమోజోములు సగానికి తగ్గే విభజన) వల్ల ద్వితీయ స్పెర్మటోసైట్లు, ఆపై గుండ్రని స్పెర్మాటిడ్లు ఏర్పడతాయి. స్పెర్మాటిడ్లు సాగి, తోక మొలిచి శుక్రకణాలుగా రూపుదిద్దుకుంటాయి. అవి నాళిక మధ్య ఖాళీలోకి విడుదలైతే చక్రం శిఖరానికి చేరినట్టు. ఆ తరవాత జనక కణాల పొరలు పలచబడతాయి, నాళికలో రాలిన కణాలు, మిగిలిపోయిన శుక్రకణాలు కనిపిస్తాయి, చివరికి నాళిక మళ్లీ సన్నబడుతుంది. పరిశోధకులు ఈ మొత్తాన్ని ఆరు లేదా ఎనిమిది దశలుగా విభజించి అంకెలు వేస్తారు.

క్షీరదాలతో ఉన్న ముఖ్యమైన తేడా ఇక్కడే ఉంది. ఎలుక వృషణంలో నాళిక పొడవునా ఒక్కోచోట ఒక్కో దశ నడుస్తుంటుంది కాబట్టి శుక్రకణాలు ఎడతెగకుండా వస్తూనే ఉంటాయి. బల్లి వృషణంలో కణాలు దాదాపు ఒకే జట్టుగా ఒక దశ నుంచి మరో దశకు కదులుతాయి. ఇది ఉభయచరాల పద్ధతికి దగ్గర. కణాల పొరల అమరిక మాత్రం పక్షులను, క్షీరదాలను పోలి ఉంటుంది. జట్టుగా కదలడం వల్లే బల్లి వృషణాల్లో అంత స్పష్టమైన ఎత్తుపల్లాలు కనిపిస్తాయి. శిఖర దశలోని వృషణం విశ్రాంతి దశలోని దానికన్నా అనేక రెట్లు బరువుంటుంది.

మెదడు నుంచి వచ్చే ఆదేశం

మెదడు అడుగున ఉండే హైపోథలామస్ నుంచి జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్ విడుదలవుతుంది. దాని ప్రేరణతో పీయూష గ్రంథి వృషణాలను పనిచేయించే గొనాడోట్రోపిన్ హార్మోన్‌ను రక్తంలోకి వదులుతుంది. క్షీరదాల్లో ఈ పని ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అనే రెండు హార్మోన్లు పంచుకుంటాయి: మొదటిది ప్రధానంగా నాళికలను, రెండోది టెస్టోస్టెరాన్ తయారీని చూసుకుంటుంది. బల్లుల్లో పరిస్థితి వేరు. క్షీరదాల ఎఫ్‌ఎస్‌హెచ్‌ను ఆనోల్ అనే అమెరికా బల్లులకు ఇచ్చినప్పుడు నాళికలూ పెరిగాయి, టెస్టోస్టెరాన్ కూడా పెరిగింది. ఎల్‌హెచ్ చూపిన ప్రభావం అంతకన్నా చాలా తక్కువ. అంటే ఎఫ్‌ఎస్‌హెచ్ లాంటి ఒక్క హార్మోనే రెండు పనులూ చేయించగలదు. క్షీరదాల పాఠాన్ని యథాతథంగా బల్లులకు అన్వయించి "ఎల్‌హెచ్ పెరిగింది కాబట్టి టెస్టోస్టెరాన్ పెరిగింది" అని రాసే వివరణల్లో తప్పు ఇక్కడే దొర్లుతుంది.

వెలుగు సమాచారం కళ్ల ద్వారానే రానక్కర్లేదు. చాలా బల్లులకు నడినెత్తి మీద ఒక పొలుసు కింద మూడో కన్ను ఉంటుంది. ఇంటి బల్లుల కుటుంబంలో అది లేదు. పీనియల్ గ్రంథి రాత్రిపూట మెలటోనిన్ విడుదల చేసి రాత్రి ఎంత పొడవుందో శరీరానికి తెలియజేస్తుంది. ఆకుపచ్చ ఆనోల్ మగవాటిపై జరిపిన ప్రయోగాల్లో కళ్లు లేకపోయినా పగటి నిడివికి వృషణాలు స్పందించాయి. అంటే వెలుగును పసిగట్టే భాగాలు కళ్లకు వెలుపల కూడా ఉన్నాయన్నమాట.

వేడి, వెలుగు, వాన: దేని మాట చెల్లుతుంది

జంతువు శరీర ఉష్ణోగ్రత పరిసరాల మీద ఆధారపడి ఉన్నప్పుడు వేడే మొదటి సంకేతం కావడం సహజం. సమశీతోష్ణ ప్రాంతాల జాతుల్లో చలి వల్ల కణవిభజన నెమ్మదిస్తుంది, వేడి తగలగానే మిగిలిన దశలు త్వరత్వరగా పూర్తవుతాయి. కానీ ఎంత వేడైనా మంచిదే అనుకోకూడదు. బల్లి ఇష్టపడే శరీర ఉష్ణోగ్రత దగ్గరే, లేదా దానికి కాస్త పైన, రాత్రింబవళ్లు విరామం లేకుండా ఉంచితే జనక కణాలు దెబ్బతింటాయని పరిశోధకుడు పాల్ లిక్ట్ 1965లో చూపించారు. ఆరుబయట అదే బల్లి మధ్యాహ్నం ఆ వేడిని తట్టుకుంటుంది, ఎందుకంటే రాత్రి చల్లబడుతుంది. ప్రయోగశాలలో రాత్రిపూట హీటర్ ఆపకపోవడం వల్ల వృషణాలు కుంచించుకుపోతే, దాన్ని కాలానుగుణ మార్పుగా పొరబడే ప్రమాదం ఉంది.

పగటి నిడివి పాత్ర జాతిని బట్టి మారుతుంది. ఆగ్నేయ అమెరికాకు చెందిన ఆకుపచ్చ ఆనోల్, ఆనోలిస్ కరొలినెన్సిస్, దీనికి మంచి ఉదాహరణ. దాని జతకట్టే కాలం వసంతం నుంచి జూలై వరకు. ఆగస్టు వచ్చేసరికి వాతావరణం ఇంకా వెచ్చగానే ఉన్నా వృషణాలు ముడుచుకుపోతాయి. తగ్గుతున్న పగటి నిడివి ఇందులో ఒక కారణం. అప్పటి నుంచి కొన్ని వారాలపాటు ఎంత వేడి, ఎంత పొడవైన పగలు కల్పించినా వృషణాలు కదలవు. దీన్ని స్పందన లేని దశ అంటారు. శరదృతువులో ఆ దశ తొలగి, శీతాకాలమంతా వృషణాలు నెమ్మదిగా పెరుగుతూ వస్తాయి.

స్పందన లేని దశ నిజంగా ఉందా, లేక చలి వల్ల ఆగిందా అన్నది తేల్చే పద్ధతి సూటిగానే ఉంటుంది. వేర్వేరు నెలల్లో పట్టిన మగవాటిని ఒకే రకమైన వేడి, ఒకే పొడవైన పగటి వెలుగులో కొన్ని వారాలు ఉంచుతారు. పగలు 32 డిగ్రీలు, రాత్రి దానికన్నా బాగా తక్కువ, 14 గంటల వెలుగు అనుకుందాం. నవంబరులో తెచ్చినవి స్పందించి, ఆగస్టు చివర తెచ్చినవి స్పందించకపోతే అడ్డు లోపలే ఉంది. రెండూ స్పందిస్తే ఆరుబయట ఆపింది వాతావరణమే. నియంత్రణ సమూహం లేకుండా ఒక్క నెల జంతువులతోనే ఈ ప్రయోగం చేస్తే ఏమీ తేలదు.

వాన ప్రభావం చాలావరకు పరోక్షం. వానతో పురుగులు పెరుగుతాయి, నేల తడిగా ఉండి గుడ్లు ఎండిపోకుండా ఉంటాయి. ఉష్ణమండలంలో ఏడాదంతా వేడి ఉన్నచోట తేడా తెచ్చేది ఇదే. కరీబియన్ దీవుల ఆనోల్స్‌లో కూడా వృషణాల బరువు కాలాన్ని బట్టి హెచ్చుతగ్గులు అవుతుంది కానీ, చలి ప్రాంతాల జాతుల్లోలా పూర్తిగా అడుగంటదు.

మరో సంకేతం ఉంది. మగదాని ప్రవర్తన ఆడదాని చక్రం మీద కూడా పనిచేస్తుంది. ఆకుపచ్చ ఆనోల్స్‌తో పరిశోధకుడు డేవిడ్ క్రూస్ చేసిన ప్రయోగాల్లో, చురుకుగా జత కోసం ప్రయత్నించే మగవాటితో ఉంచిన ఆడవాటి అండాశయాలు, వృషణాలు తీసేసిన మగవాటితో ఉన్నవాటి కంటే వేగంగా ఎదిగాయి. మగవి తమలో తాము పోట్లాడుకుంటూ ఉంటే ఆ ఎదుగుదల మందగించింది. కాబట్టి మగదాని చక్రం ఆలస్యమైతే నష్టం దానితోనే ఆగిపోదు.

ఒకే వాతావరణం, ఎదురెదురు చక్రాలు

వాతావరణమే అన్నీ నిర్ణయిస్తుందనే వాదనకు గట్టి జవాబు భారత ఉపఖండంలోని రెండు సాధారణ జాతులు ఇస్తాయి. తొండ, అంటే కాలోటిస్ వర్సికలర్, వేసవి నుంచి వానాకాలం దాకా పునరుత్పత్తిలో ఉంటుంది. చలికాలానికి వృషణాలు ముడుచుకుంటాయి. ఉత్తర భారతంలో విస్తారంగా కనిపించే ఇంటి బల్లి హెమిడాక్టైలస్ ఫ్లావివిరిడిస్ దీనికి దాదాపు తలకిందులు. వానలు వెనక్కు తగ్గే వేళకు దాని వృషణాలు మళ్లీ మేల్కొంటాయి, చలికాలమంతా పెరిగి, చలి ముగిసి వసంతం వచ్చేసరికి శిఖరాన ఉంటాయి. నడివేసవి, వానాకాలాల్లో విశ్రాంతి.

ఒకే గోడ మీద ఒకటి, పక్కనే ఉన్న పొద మీద ఒకటి బతికే జంతువుల్లో ఇంత తేడా ఎందుకు? వేడి రెండిటికీ ఒకే సమాచారం ఇస్తోంది, దాన్ని అర్థం చేసుకునే తీరు మాత్రం వంశపారంపర్యంగా వేరు. పైగా తొండ పగటి జంతువు, నేల తవ్వి గుడ్లు పెడుతుంది. ఇంటి బల్లి రాత్రి తిరుగుతుంది, గోడ పగుళ్లలో గట్టి పెంకున్న గుడ్లు పెడుతుంది. నేల తడి తొండ గుడ్లకు అవసరమైనంతగా దీనికి అవసరం లేదు. పిల్లలు ఎప్పుడు బయటికొస్తే బతికే అవకాశం ఎక్కువో దాన్ని బట్టి ఆడదాని కాలం స్థిరపడుతుంది, మగదాని చక్రం దాని వెనకే సర్దుకుంటుంది. బల్లుల చక్రాలన్నిటినీ ఈ క్రమంలో, పిల్లల నుంచి వెనక్కు చదవడమే సరైన మార్గం.

ఇదే ప్రజాతికి చెందిన మరో ఇంటి బల్లి హెమిడాక్టైలస్ ఫ్రెనాటస్ మీద జావా ద్వీపంలో జరిగిన అధ్యయనంలో ఏడాది పొడవునా పునరుత్పత్తి కనిపించింది. ఇక్కడొక జాగ్రత్త అవసరం. ప్రతి నెల నమూనాలో శుక్రకణాలున్న మగవి దొరికాయంటే జనాభా మొత్తంలో పునరుత్పత్తి ఆగలేదని అర్థం. ప్రతి మగదీ పన్నెండు నెలలూ ఆపకుండా తయారుచేస్తోందని అర్థం కాదు. ఒక్కొక్కటి విడిగా విరామం తీసుకుంటూ, ఆ విరామాలు ఒకే నెలలో కలవకపోయినా నమూనా ఇలాగే కనిపిస్తుంది.

చలి ప్రాంతాలూ ఎత్తైన కొండలూ

వేసవి కొద్ది నెలలే ఉన్నచోట ఆలస్యానికి చోటుండదు. ఐరోపా, ఉత్తర ఆసియాల్లో బతికే జూటోకా వివిపారా అనే బల్లి జాతి మగవి శీతాకాల సుప్తావస్థ నుంచి ఆడవాటి కంటే కొన్ని వారాలు ముందే బయటికొస్తాయి. శుక్రకణాల తయారీలో మిగిలిన ఆఖరి దశ ఆ రోజుల ఎండలోనే పూర్తవుతుంది. ఆడవి బయటికి రాగానే జతకట్టడం మొదలవుతుంది. ఆ కొద్ది వారాల ఎండ దొరకకపోతే సిద్ధంకాని మగవి, సిద్ధమైన ఆడవి ఎదురుపడతాయి.

ఇటలీ గోడ బల్లి పోడార్సిస్ సిక్యులస్ పద్ధతి వేరు. వసంతంలో జతకడుతుంది, నడివేసవిలో వృషణాలు ముడుచుకుంటాయి, శరదృతువులో జనక కణాల విభజన మళ్లీ మొదలవుతుంది. అయితే అప్పుడు మొదలైనది వెంటనే జతకట్టడానికి దారితీయదు. శీతాకాలంలో నెమ్మదించి, వసంతంలో పూర్తవుతుంది. శరదృతువులో దీని వృషణాన్ని చూసి "రెండో జతకాలం" అని రాస్తే తప్పే.

కొండల మీద నేరుగా పిల్లలను కనే జాతుల్లో లెక్క మరోలా తిరుగుతుంది. అమెరికాలోని ఆరిజోనా కొండల బల్లి స్కెలోపోరస్ జారోవై శరదృతువులో జతకడుతుంది. మగవాటి వృషణాలు, టెస్టోస్టెరాన్ శిఖరానికి చేరేది అప్పుడే. పిండాలు ఆడదాని కడుపులో చలికాలం గడిపి, వేసవి మొదట్లో పిల్లలుగా పుడతాయి. అలా పుడితే మళ్లీ చలి వచ్చేలోగా పెరగడానికి వాటికి వేసవి మొత్తం దొరుకుతుంది. మెక్సికో ఎత్తుల్లోని స్కెలోపోరస్ గ్రామికస్ ఇంకో మెట్టు ముందుకెళ్లింది. మగవాటి వృషణాలు వేసవిలో పెద్దవవుతాయి, ఆడవాటిలో అండాల విడుదల శరదృతువులో. మధ్యలోని ఖాళీని పూడ్చేది నిల్వే. టాస్మానియా నలికీచు నివియోస్కింకస్ ఒసెల్లాటస్‌లో శరదృతువులో జతకట్టిన ఆడది శుక్రకణాలను చలికాలమంతా దాచుకుని వసంతంలో వాడుకుంటుంది. వసంతంలో మళ్లీ జతకట్టడం కూడా ఉంది కాబట్టి ఒకే కాన్పులో పిల్లలకు వేర్వేరు తండ్రులు ఉండవచ్చు.

అసలు ఆపడం ఎందుకు

ఏడాదంతా సిద్ధంగా ఉంటే మగదానికి నష్టమేమిటి అన్న ప్రశ్నకు జవాబు స్కెలోపోరస్ జారోవై నుంచే వచ్చింది. ఈ జాతి మగవి వేసవిలో టెస్టోస్టెరాన్ తక్కువగా ఉన్నప్పుడు కూడా హద్దులు కాపాడుకుంటాయి, కానీ మితంగా. పరిశోధకులు కేథరిన్ మార్లర్, మైఖేల్ మూర్ ఆ వేసవి మగవాటి చర్మం కింద టెస్టోస్టెరాన్ అమర్చి ఆరుబయట వదిలారు. 1988లో వెలువడిన ఫలితం ప్రకారం అవి ఎక్కువ సేపు తిరిగాయి, ఎక్కువగా పోట్లాడాయి, తక్కువ కాలం బతికాయి. తరవాతి ప్రయోగంలో అదనంగా ఆహారం అందించినప్పుడు ఆ నష్టం చాలావరకు తగ్గింది. అంటే వాటిని చంపింది విషంలా పనిచేసిన హార్మోన్ కాదు, ఆదాయానికి మించిన శక్తి ఖర్చు.

శుక్రకణాల తయారీకి పెద్దగా ఖర్చు ఉండదనే నమ్మకం కూడా సరీసృపాల్లో నిలబడలేదు. రక్తపింజర కుటుంబానికి చెందిన ఐరోపా పాము వైపెరా బెరస్ మగవి వసంతంలో ఇంకా తిరగడం మొదలుపెట్టకముందే, శుక్రకణాలు తయారయ్యే రోజుల్లోనే బరువు కోల్పోతాయని 1997లో పరిశోధకులు ఒల్సన్, మాడ్సెన్, షైన్ చూపించారు. పాము మీద చేసినదైనా బల్లులకు దగ్గరి బంధువే కాబట్టి ఈ ఫలితం ఇక్కడ బరువైనది.

ఈ లెక్కకు అటు చివర మడగాస్కర్ ఊసరవెల్లి ఫర్సిఫర్ లబోర్డి ఉంది. నవంబరులో వానలతో గుడ్లు పొదిగి పిల్లలు వస్తాయి, రెండు నెలలు తిరగకముందే ఎదిగి, జతకట్టి, ఆ వానాకాలం ముగిసేలోగా పెద్దవన్నీ చనిపోతాయి. ఏడాదిలో ఎనిమిది తొమ్మిది నెలలు ఈ జాతి గుడ్డు రూపంలోనే ఉంటుంది. ఇందులో మగదాని వృషణం ఒక్కసారే పెరుగుతుంది. తిరిగి ముడుచుకుని రెండో ఏడాదికి దాచుకునే అవసరమే లేదు.

రంగు ఎంత చెబుతుంది

జతకాలపు రంగుకు టెస్టోస్టెరాన్‌తో సంబంధం ఉంది, ముఖ్యంగా వారాల తరబడి నెమ్మదిగా తేలే రంగుకు. కానీ చర్మంలోని రంగు కణాలు నిమిషాల్లో, ఒక్కోసారి క్షణాల్లో కూడా మారగలవు. దక్షిణ భారత బండరాళ్ల మీద బతికే తొండ జాతి సామోఫిలస్ డార్సాలిస్ మగవి ఆడదాని ముందు ఒక రంగులో, పోటీ మగదాని ముందు మరో రంగులో కనిపిస్తాయి, పట్టుకుంటే వెలిసిపోతాయి. తొండ ఎరుపు కూడా భయపెడితే తగ్గిపోతుంది. అందువల్ల రంగును నమోదు చేసేటప్పుడు జంతువును ముట్టుకోకముందు దూరం నుంచే చూసి రాయాలి. పట్టుకున్నాక రాసిన రంగు భయాన్ని కొలుస్తుంది.

కొలతల్లో తప్పులు ఎక్కడ దొర్లుతాయి

ఎక్కువగా వాడే సూచిక వృషణాల బరువును శరీర బరువుతో భాగించి వందతో గుణించడం. 30 గ్రాముల తొండకు వృషణాలు 0.3 గ్రాములుంటే సూచిక 1.00. అదే తొండ కొవ్వు కరిగి 26 గ్రాములకు తగ్గితే, వృషణం ఏమాత్రం పెరగకపోయినా సూచిక 1.15 అవుతుంది. జతకాలంలో మగవి తిండి తగ్గించి సన్నబడతాయి కాబట్టి ఈ తప్పు ప్రతిసారీ ఒకే దిశలో వస్తుంది. మూతి నుంచి అవస్కరం దాకా ఉన్న పొడవుతో సర్దుబాటు చేస్తే ఇది తప్పుతుంది, ఎందుకంటే ఎముకల పొడవు నెలనెలా మారదు.

మ్యూజియం నమూనాల్లో బరువుకు బదులు ఘనపరిమాణం లెక్కిస్తారు. సగం పొడవును సగం వెడల్పు వర్గంతో, ఆపై 4/3 π (పై)తో గుణిస్తారు. 8 మి.మీ. పొడవు, 5 మి.మీ. వెడల్పు ఉన్న వృషణానికి దాదాపు 105 ఘన మి.మీ. వస్తుంది. వెడల్పును పొరపాటున 5.5 అని చదివితే అది 127 అవుతుంది. అర మిల్లీమీటరు తప్పుకు అయిదో వంతు తేడా వచ్చింది. అందుకే వెడల్పును కనీసం రెండుసార్లు కొలవాలి, ఎప్పుడూ ఒకే వైపు వృషణాన్నే ఎంచుకోవాలి. ఆల్కహాల్‌లో ఏళ్ల తరబడి ఉన్నవి కుంచించుకుపోతాయి గనుక వాటిని తాజా నమూనాలతో కలిపి ఒకే గ్రాఫ్‌లో వేయకూడదు.

పరిమాణం ఎంత సరిగ్గా కొలిచినా దశ తెలియదు. కణజాలాన్ని బోయిన్ ద్రావణంలో లేదా 10 శాతం ఫార్మలిన్‌లో స్థిరపరచి, పారఫిన్‌లో పోసి, 5 నుంచి 7 మైక్రాన్ల పలచని కోతలు తీసి, హీమటాక్సిలిన్-ఇయోసిన్ రంగు వేసి చూస్తేనే తేలుతుంది. నాళిక వ్యాసం కొలిచేటప్పుడు గుండ్రంగా తెగినవాటినే ఎంచుకోవాలి. ఏటవాలుగా తెగిన నాళిక కోడిగుడ్డు ఆకారంలో కనిపించి వ్యాసాన్ని ఎక్కువ చూపిస్తుంది. వృషణంతో పాటు ఎపిడిడైమిస్‌నూ కోసి చూడాలి. వృషణం ఖాళీ, ఎపిడిడైమిస్ నిండు అంటే ఆ మగది ఇంకా జతకట్టగలదు. ఈ రెండో ముక్కను చూడకుండా "పునరుత్పత్తి ముగిసింది" అని రాసిన నివేదికలే నిల్వ ఉన్న జాతుల గురించి అపోహలు పెంచాయి.

హార్మోన్ కోసం రక్తం తీయాలంటే సమయమే కీలకం. పట్టుకున్న కొన్ని నిమిషాల్లోనే కార్టికోస్టెరాన్ అనే ఒత్తిడి హార్మోన్ పెరగడం మొదలవుతుంది, సంచిలో గంటలు ఉంచితే టెస్టోస్టెరాన్ పడిపోతుంది. మొదటి మూడు నిమిషాల్లో తీసిన నమూనాను, సాయంత్రం గదికి తెచ్చాక తీసిన నమూనాను ఒకే పట్టికలో పెట్టడం కుదరదు. ఇంకా ఎదగని మగవాటిని లెక్కలో కలపడం కూడా తరచు జరిగే తప్పే. అవి ఎక్కువగా దొరికే నెలల్లో సగటు పడిపోయి, లేని విశ్రాంతి దశ ఉన్నట్టు కనిపిస్తుంది.

వాతావరణం మారితే

ఉష్ణోగ్రత మారుతోంది, పగటి నిడివి మారడం లేదు. ఈ రెండు సంకేతాల మధ్య ఎడం పెరగడమే రాబోయే కాలంలో చూడాల్సిన విషయం. వసంతపు వేడితో మొదలై, వేసవి చివర తగ్గే పగటి నిడివితోనూ లోపలి గడియారంతోనూ ముగిసే ఆకుపచ్చ ఆనోల్ లాంటి జాతిలో, ముందే వేడెక్కితే చక్రం మొదలు ముందుకు జరగవచ్చు. శరదృతువు వెచ్చగా సాగినా ముగింపు వెనక్కు జరగడం కష్టం, స్పందన లేని దశ అడ్డుంటుంది. అంటే వెచ్చని నెలలు పెరిగినంతగా జతకాలం పెరగదు.

వెచ్చని శీతాకాలం చలి ప్రాంతాల మగవాటికి లాభమనిపిస్తుంది కానీ, సుప్తావస్థలో శరీరం వెచ్చగా ఉంటే కొవ్వు త్వరగా కరుగుతుంది. వసంతంలో హద్దు కోసం, జత కోసం ఖర్చు చేయాల్సిన శక్తి అదే. 2010లో బారీ సినెర్వో బృందం సైన్స్ పత్రికలో ప్రచురించిన పరిశోధనలో, మెక్సికోలో 48 స్కెలోపోరస్ జాతులున్న 200 చోట్లను మళ్లీ పరిశీలించగా 1975 తరవాత 12 శాతం స్థానిక జనాభాలు అంతరించినట్టు తేలింది. దీనికి వాళ్లు చూపిన కారణం నడిఎండలో నేరుగా చనిపోవడం కాదు. శీతాకాలం చివర, వసంతంలో, పునరుత్పత్తి నెలల్లో వేడి పెరిగి, బల్లులు నీడలో దాక్కోవాల్సిన గంటలు ఎక్కువై, తిండి వెతుక్కునే గంటలు తగ్గిపోవడం.

కలుషితాల ప్రభావం ఇంకో దారిలో వస్తుంది. ఈస్ట్రోజెన్‌లా పనిచేసే పదార్థాలకు గురైన మగ బల్లుల కాలేయం ఆడవాటిలా పచ్చసొన ప్రొటీన్‌ను తయారుచేయగలదు, వృషణం, ఎపిడిడైమిస్ పని దెబ్బతింటుంది. వ్యవసాయ భూముల పక్కన పట్టిన మగవాటిలో విశ్రాంతి దశ అసాధారణంగా పొడవుగా కనిపిస్తే కాలాన్ని ఒక్కదాన్నే కారణంగా చూపకూడదు.

మార్పును గుర్తించాలంటే మగవాటి లెక్కలు మాత్రమే సరిపోవు. ఒకే చోట, ఒకే వారాల్లో మగవాటినీ ఆడవాటినీ కలిపి పరిశీలించి, మొదటి మగది బయటికొచ్చిన తేదీ, ఎపిడిడైమిస్‌లో శుక్రకణాలు కనిపించిన తేదీ, ఆడవాటిలో పచ్చసొన చేరడం మొదలైన తేదీ అనే మూడింటినీ నమోదు చేయాలి. జూటోకా లాంటి జాతిలో మొదటి రెండు తేదీల మధ్య కొన్ని వారాల ఎడమే ఉంటుంది కాబట్టి, నెలకోసారి నమూనాలు తీస్తే ఆ ఎడం నమోదు కాకుండానే జారిపోతుంది. వసంతంలో వారానికోసారి, మిగతా కాలంలో నెలకోసారి అనే పద్ధతి ఇలాంటిచోట పనికొస్తుంది.